విక్టోరియా కాలపు బ్యాంకు భవనాన్ని చూడటం ఎలా? వీధి అవతల నుంచి నేలమాళిగ దాకా

లండన్‌లోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటున్న పిల్లలు, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పాత బ్యాంకు భవనాల ముందు ఫోటోలు దిగుతున్నాం, బాగున్నాయి అనుకుంటున్నాం. అసలు ఏం చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆర్కిటెక్చర్ విద్యార్థులూ ఇదే అడుగుతారు. కాకపోతే వాళ్లకు కాలేజీలో రిపోర్టు కూడా ఇవ్వాల్సి ఉంటుంది.

ఇద్దరికీ ఒకే దారి చెబుతాను. డబ్బు దాచుకోవడానికి వచ్చిన మనిషి ఏ వరసలో నడిచాడో ఆ వరసలోనే నడవండి: ముందు వీధి, తర్వాత గోడ, గుమ్మం, హాలు, కౌంటరు. ఆ మనిషికి చూపించని గదులు చివర్లో. అవి డిపాజిట్లకు బీమా అనే మాటే లేని రోజులు. బ్యాంకు మునిగితే దాచుకున్న సొమ్మూ మునిగేది. "ఇక్కడ నా డబ్బు భద్రమేనా?" అన్న అతని ప్రశ్నకు కట్టడం ఎక్కడెక్కడ ఎలా జవాబు చెబుతోందో వెతకడమే మన పని.

ముఖ్య ఉదాహరణగా లండన్ బిషప్స్‌గేట్‌లోని నేషనల్ ప్రొవిన్షియల్ బ్యాంకు పాత ప్రధాన కార్యాలయాన్ని తీసుకుంటున్నాను. దాని ఆర్కిటెక్ట్ జాన్ గిబ్సన్. 1865లో కట్టారు. బ్యాంకు వెళ్లిపోయాక గిబ్సన్ హాల్ పేరుతో విందులకు, వేడుకలకు అద్దెకిచ్చే చోటు అయింది.

1. బయల్దేరే ముందు

ఇంట్లో గంటసేపు కూర్చుంటే అక్కడ సగం పని తగ్గుతుంది.

మొదట భవనం రక్షిత జాబితాలో ఉందేమో చూడండి. ఇంగ్లండ్‌లో అయితే హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైట్‌లోని జాతీయ జాబితా ఉచితం. అందులో గ్రేడ్ వన్, టూ స్టార్, టూ అని మూడు తరగతులుంటాయి. స్కాట్లండ్‌లో ఇదే పని హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ చేస్తుంది, అక్కడ ఏ, బీ, సీ తరగతులు. ఆర్కిటెక్ట్ పేరు, సంవత్సరం, తర్వాతి మార్పులు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి.

తర్వాత పాత మ్యాపులు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పాత పటాలు ఉచితంగా చూడొచ్చు. పేరు స్కాట్లండ్‌దైనా ఇంగ్లండ్ పటాలు కూడా ఉన్నాయి. ఒకే స్థలాన్ని రెండు మూడు కాలాల పటాల్లో చూస్తే భవనం ఎప్పుడు పెరిగిందో తెలుస్తుంది.

లోపలికి వెళ్లే అవకాశాన్ని బట్టి రోజు ఎంచుకోండి. సెప్టెంబరులో లండన్‌లో ఓపెన్ హౌస్ ఉత్సవం, స్కాట్లండ్‌లో డోర్స్ ఓపెన్ డేస్ జరుగుతాయి. మామూలుగా తలుపులు తెరవని భవనాలు కొన్ని ఆ రోజుల్లో తెరుస్తారు. హోటలో రెస్టారెంటో అయిపోయిన బ్యాంకులైతే ఇంకా సులువు. ఎడిన్‌బరో జార్జ్ స్ట్రీట్‌లో డేవిడ్ రైండ్ కట్టిన కమర్షియల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఇప్పుడు ద డోమ్ అనే రెస్టారెంట్. కాఫీ తాగుతూ హాలంతా చూసి రావచ్చు.

సంచిలో పెట్టుకోవాల్సినవి:

- చిన్న బైనాక్యులర్, లేదా జూమ్ బాగా ఉన్న ఫోను
- గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు
- జాబితా వివరాల ప్రింటు, పాత మ్యాపు ప్రింటు
- చిన్న టార్చి (గోడ మీద పక్క నుంచి వెలుతురు వేస్తే చెరిగిపోయిన అక్షరాలు తేలుతాయి)

2. వీధి అవతల నిలబడండి

నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్లకండి. ఎదురు పేవ్‌మెంటు మీద పది నిమిషాలు నిలబడి మూడే ప్రశ్నలు వేసుకోండి. మూలమీద ఉందా, వరసలో ఇరుక్కుని ఉందా? పక్క భవనాలకంటే ఎత్తా, పొట్టా? రాయి ఏ రంగు?

బ్యాంకులు వీధి మూల స్థలాలకు ఎగబడేవి, రెండు వీధుల్లోంచీ కనిపిస్తాయి కనుక. బిషప్స్‌గేట్ భవనం కూడా థ్రెడ్‌నీడిల్ స్ట్రీట్ కలిసే మూలలోనే ఉంది. ఇక ఎత్తు సంగతి. లండన్ సిటీలో గజం స్థలం దొరకడమే గగనమైన చోట గిబ్సన్ ఒకే ఒక్క అంతస్తు వేశాడు. పైన అద్దెకిచ్చే గదుల్లేవు. "మాకు అద్దెలతో పని లేదు" అని బ్యాంకు చేత చెప్పించిన తీరు అది. నాకు ఈ కట్టడం మొత్తంలో అన్నిటికంటే గట్టిగా వినిపించే మాట ఇదే.

తర్వాత శైలి. విక్టోరియా కాలపు బ్యాంకుల్లో ఎక్కువగా కనిపించే ముఖాలు రెండు. ఒకటి గ్రీకు, రోమన్ గుడి ముఖం: ముందు స్తంభాలు, పైన త్రికోణపు చూరు. జార్జ్ స్ట్రీట్ బ్యాంకు ఇలాంటిదే, ముందు ఆరు స్తంభాలు. రెండోది ఇటలీ వర్తకుల మేడ ముఖం: వరుస కిటికీలు, పైన బరువైన కార్నిస్, అంటే గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చే పట్టీ. బ్రిస్టల్ కార్న్ స్ట్రీట్‌లో 1850ల్లో కట్టిన వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ అండ్ సౌత్ వేల్స్ డిస్ట్రిక్ట్ బ్యాంకు వెనిస్‌లోని సెయింట్ మార్క్ గ్రంథాలయం నమూనాలో ఉంటుంది. పాత చర్చిల్లా మొనదేలిన కమానులుండే గోథిక్ బ్యాంకులు వీటికంటే అరుదు.

3. గోడను కింది నుంచి పైకి చదవండి

ఇప్పుడు దగ్గరికి రండి. కళ్లు సహజంగా పైనున్న బొమ్మల మీదకు పోతాయి. ఆపుకోండి. కింద నుంచి మొదలుపెట్టండి.

ప్లింత్: నేలను తాకే వరస చాలాచోట్ల గ్రానైటు. వాన నీళ్లు, బండ్ల చక్రాల దెబ్బలు తట్టుకోవడానికి.

కింది భాగం: రాళ్ల మధ్య సందులు లోతుగా, గీతలు గీసినట్టు కనిపిస్తే దాన్ని రస్టికేషన్ అంటారు. ఒక్కో రాయి ఒక్కో దిమ్మలా కనబడి గోడ మందం అసలుకంటే రెట్టింపు అనిపిస్తుంది. కోటగోడ భావన తెప్పించడమే ఉద్దేశం.

రాయి: లండన్‌లో తరచూ కనిపించేది పోర్ట్‌లండ్ రాయి, డోర్సెట్ తీరం నుంచి వచ్చే తెల్లని సున్నపురాయి. గుర్తుపట్టడానికి ఒక కిటుకు. వాన తగిలే గోడను ఒక జానెడు దూరం నుంచి చూడండి. నూటయాభై ఏళ్ల వానకు రాయి అరిగి, లోపలున్న ఆల్చిప్పల ముక్కలు గట్టిగా ఉన్నందువల్ల పైకి పొడుచుకుని వచ్చి ఉంటాయి. చేత్తో తడిమితే గరగరలాడతాయి. అదే రాయి కార్నిస్ కింద, వాన తగలని చోట నల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. బొగ్గు పొగ చేసిన పని అది. తెలుపు ఎక్కడ ఆగి నలుపు ఎక్కడ మొదలవుతుందో చూస్తే వాన నీరు గోడ మీద ఏ దారిన జారుతోందో తెలిసిపోతుంది. మరమ్మతుల రిపోర్టు రాసేవాళ్లకు ఇది చాలా విలువైన గీత. శుభ్రం చేసిన గోడల మీద మాత్రం ఈ నలుపు ఉండదు. అప్పుడు శిల్పాల మడతల్లో వెతకండి.

4. స్తంభాలు: మోస్తున్నవా, అంటించినవా?

స్తంభం చుట్టూ తిరిగి రాగలిగితే అది విడి స్తంభం. వెనక సగం గోడలో కలిసిపోయి ఉంటే గోడకు అంటిన స్తంభం. బిషప్స్‌గేట్‌లో రెండో రకం: నేల మట్టానికి కాస్త పైనుంచి కార్నిస్ దాకా ఒకే ఎత్తున లేచే పెద్ద స్తంభాలు, వాటి మధ్య కమాను కిటికీలు. బరువు మోసేది ప్రధానంగా గోడ. స్తంభాల పని ముఖ్యంగా చూపుకు.

స్తంభం తల చూసి జాతి రాసుకోండి:

- ఏ అలంకారం లేని గుండ్రటి దిమ్మ ఉంటే డోరిక్ లేదా టస్కన్
- రెండు పక్కలా చుట్ట చుట్టిన సుడి ఉంటే అయోనిక్
- ఆకుల గుత్తి ఉంటే కొరింథియన్
- ఆకుల మీద పెద్ద సుళ్లు కూడా ఉంటే కాంపొజిట్

చివరి రెండింటినీ కింద నిలబడి తేల్చకండి, పొరపడతారు. జూమ్ చేసి ఫోటో తీసి ఇంట్లో తీరిగ్గా చూసి రాయండి.

5. శిల్పాలను లెక్కల పుస్తకంలా చదవండి

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. బ్యాంకు గోడమీద బొమ్మలు అందానికి పెట్టినవని చాలామంది వదిలేస్తారు. అవి ఆ బ్యాంకు ఎక్కడెక్కడ, ఎవరితో వ్యాపారం చేసేదో చెబుతాయి.

బిషప్స్‌గేట్ భవనం పిట్టగోడ మీద వరసగా శిల్పాలున్నాయి. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, వేల్స్ వంటి ఊళ్లకూ ప్రాంతాలకూ ప్రతీకలవి. లండన్ నడిబొడ్డున కట్టిన భవనం మీద బయటి ఊళ్ల బొమ్మలెందుకు?

ఇది తెలియాలంటే చట్టం సంగతి కొంచెం తెలియాలి. ఈ బ్యాంకు 1833లో పుట్టింది. సొంత కరెన్సీ నోట్లు అచ్చువేసే బ్యాంకు లండన్‌లో బ్యాంకింగ్ చేయకూడదని అప్పటి నియమం. జిల్లాల్లో నోట్ల మీద లాభం వదులుకోవడం ఇష్టంలేక, ప్రధాన కార్యాలయం లండన్‌లో ఉన్నా అక్కడ ఖాతాలు తెరవకుండా మూడు దశాబ్దాలు గడిపింది. చివరికి 1866లో నోట్ల హక్కు వదిలేసి లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టింది. కొత్త హాలు ఆ అడుగుకు సిద్ధం చేసిందే. తన శాఖలున్న సీమలను నెత్తిన పెట్టుకుని రాజధానిలో దిగిన బ్యాంకు అది.

పెద్ద కిటికీల మీద చెక్కిన ఫలకాలు శిల్పి జాన్ హాంకాక్ చేసినవి. వ్యవసాయం, ఓడల నిర్మాణం, గనులు, వాణిజ్యం వంటివి వాటిలో కనిపిస్తాయి. అంటే అప్పులు తీసుకునే ఖాతాదారులు ఎవరో అక్కడుంది. బ్రిస్టల్ బ్యాంకు గోడమీద కూడా ఇదే పద్ధతి: బాత్, బ్రిస్టల్, ఎక్సెటర్, కార్డిఫ్, న్యూపోర్ట్, బ్యాంకు వ్యాపారమున్న ఐదు ఊళ్లకూ చోటుంది.

చేయాల్సిన పని వరసగా:

1. ఎడమ నుంచి కుడికి ప్రతి శిల్పానికీ అంకె వేయండి.
2. చేతిలో ఏముందో మాత్రమే రాయండి: నాగలి, లంగరు, పళ్లచక్రం, ధాన్యపు కట్ట. ఇంకా అర్థం రాయొద్దు.
3. ఇంటికొచ్చాక ఆ బ్యాంకు శాఖలున్న ఊళ్ల జాబితాతో పోల్చండి. నాట్‌వెస్ట్ గ్రూపు వంటి బ్యాంకుల చరిత్ర విభాగాల వెబ్‌సైట్లలో అలాంటి వివరాలుంటాయి.
4. పోలిక కుదిరినవాటికే పేరు పెట్టండి. కుదరనివాటిని "స్త్రీమూర్తి, చేతిలో లంగరు" అని అలాగే వదిలేయండి.

6. గుమ్మాలు లెక్కపెట్టండి

పెద్ద గుమ్మం అందరికీ కనిపిస్తుంది. మీరు వెతకాల్సింది రెండోది. చిన్న ఊళ్లలోని శాఖల్లో మేనేజరు కుటుంబంతో సహా బ్యాంకు మేడమీదే కాపురం ఉండేవాడు. రాత్రిపూట ఇనప్పెట్టెకు కాపలా మనిషి ఉన్నట్టూ అయ్యేది. అందుకే పక్క సందులోకో, ముందు గోడ చివరకో ఇంటి తలుపు వేరేగా ఉంటుంది: చిన్నది, సాదాది. గోడలో బూట్ల బురద గీసుకునే ఇనుప పట్టీ ఉందేమో చూడండి. పైకి చూస్తే పొగగొట్టాల గుంపు. బ్యాంకు హాలుకు అన్ని పొయ్యిలు అక్కర్లేదు, అవి మేడమీది ఇంటివి.

బిషప్స్‌గేట్ లాంటి ప్రధాన కార్యాలయంలో ఇది వెతికితే లాభం లేదు. జిల్లా శాఖల్లో మాత్రం ఇది దొరికితే భవనం నక్షా సగం అర్థమైనట్టే.

7. హాల్లో ముందు తల పైకెత్తండి

లోపలికి అడుగుపెట్టగానే కౌంటరు వైపు కాకుండా కప్పు వైపు చూడండి. మూడు పక్కలా వేరేవాళ్ల గోడలు ఆనుకుని ఉన్న స్థలంలో కిటికీలకు చోటుండదు, దొంగల భయమూ ఉంటుంది. లెడ్జరు రాసే గుమాస్తాకు మాత్రం పగటి వెలుతురు కావాలి. పరిష్కారం కప్పులోంచి. గిబ్సన్ హాల్లో గాజు గుమ్మటాలు ఈ పని చేస్తాయి.

దీనికి ఇంతకంటే మంచి పాఠం ఎడిన్‌బరో సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ హాలు. జాన్ డిక్ పెడ్డీ 1857లో రూపొందించాడు. నీలి గుమ్మటంలో నక్షత్రాల ఆకారంలో రంధ్రాలు చేసి గాజు బిగించారు. బయట మబ్బు కదిలితే లోపల వెలుతురు కదులుతుంది. ఆ నక్షత్రాల నమూనానే ఆ బ్యాంకు తన నోట్ల మీద కూడా వేసింది. వెళ్లేముందు పని వేళలు చూసుకోండి.

హాల్లో వరసగా చూడాల్సినవి:

- వెలుతురు ఎక్కడ నుంచి వస్తోంది, ఎక్కడ ఎక్కువగా పడుతోంది (పాత కౌంటరు చాలావరకు అక్కడే ఉండేది)
- స్తంభాలు నిజమైన పాలరాయా, రంగు వేసిన గారా (చేయి ఆనించండి: రాయి చల్లగా తగులుతుంది, గార అంత చల్లగా ఉండదు)
- నేలమీద పాత కౌంటరు గుర్తు: మొజాయిక్ అంచు ఒక్కసారిగా ఆగిపోయి వేరే రకం పలక మొదలైన గీత
- గోడల మీద, కప్పు అంచుల్లో ఉన్న ఫలకాలు

తట్టి చూడటం, గోకి చూడటం ఎక్కడా చేయకండి. రక్షిత భవనంలో అది నేరం దాకా పోవచ్చు.

8. చూపించని గదులు

నేలమాళిగకు తీసుకెళ్తే అదృష్టం. అక్కడ చూడాల్సింది ఇనుప తలుపు మీది ఇత్తడి ఫలకం. చబ్, మిల్నర్, చాట్‌వుడ్ వంటి తయారీదారుల పేర్లు కనిపిస్తాయి. తలుపు తెరిచి ఉంటే పక్క అంచు నుంచి చూసి పలకల మందం, గడియల సంఖ్య రాసుకోండి. కప్పు వైపు చూస్తే ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు కనబడొచ్చు, నిప్పు పైకి ఎక్కకుండా. లెడ్జర్ల గదికి కూడా ఇదే జాగ్రత్త తీసుకునేవారు. డబ్బు పోతే మళ్లీ తేవచ్చు, ఎవరికెంత బాకీయో రాసిన పుస్తకం కాలితే బ్యాంకే ఉండదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి మందు

భవనం మొత్తానికి ఒకే తేదీ రాయడం. పైన చెప్పిన ఎడిన్‌బరో బ్యాంకులో ముందున్న డండాస్ హౌస్ 1770ల్లో విలియం చాంబర్స్ ఒక ధనవంతుడి ఇల్లుగా కట్టింది, హాలు మాత్రం 1857ది. బిషప్స్‌గేట్‌ను కూడా గిబ్సనే 1878లో పొడిగించాడు. మందు: ముందు గోడకో తేదీ, హాలుకో తేదీ, పొడిగింపుకో తేదీ.

పాతగా, పెద్దగా ఉంటే విక్టోరియా అనేయడం. రాణి ఏలింది 1837 నుంచి 1901 దాకా. గిబ్సన్ హాల్‌కు నడక దూరంలో ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను చూసి చాలామంది పొరపడతారు. చుట్టూ గోడ అంతకు ముందటి ఆర్కిటెక్ట్ జాన్ సోన్‌ది, లోపలిది ప్రధానంగా 1925 తర్వాత హెర్బర్ట్ బేకర్ తిరిగి కట్టింది. రెండూ విక్టోరియా కాలానివి కావు.

తర్వాత చేరినవాటిని అసలువి అనుకోవడం. రాత్రిపూట డబ్బు వేసే నైట్ సేఫ్ మూత 20వ శతాబ్దంది. గోడకు కన్నం చేసి పెట్టిన ఏటీఎం 1967కు ముందు ఉండే ప్రసక్తే లేదు. కప్పు తక్కువ ఎత్తులో, నున్నగా ఉంటే ఫాల్స్ సీలింగ్ కావచ్చు, దానిపైన పాత గార పని బతికే ఉండొచ్చు. అడిగి చూడండి.

భవనం గట్టిగా ఉంటే బ్యాంకూ గట్టిదే అని రాసేయడం. బ్రిస్టల్‌లో అంత రాయి పేర్చిన ఆ బ్యాంకు 1878 డిసెంబరులో కూలిపోయింది. అదే ఏడాది అక్టోబరులో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు మునిగిన దెబ్బకు అలాంటివి మరికొన్ని కదిలిపోయాయి. రాయి చెప్పేది బ్యాంకు జనానికి ఏం నమ్మించాలనుకుందో మాత్రమే. లెడ్జరులో ఏముందో అది చెప్పదు.

ఫోటోల్లో గోడలు వెనక్కి వాలడం. ఫోను పైకెత్తితే ఇదే వస్తుంది. దూరం జరిగి ఫోను నిటారుగా పట్టండి, కింద మిగిలే రోడ్డును తర్వాత కత్తిరించుకోండి.

10. చెన్నై వెళ్లినప్పుడు ఇదే పని

లండన్ వెళ్లే వీలు లేనివాళ్లకు రాజాజీ సాలైలోని స్టేట్ బ్యాంకు భవనం ఉంది. 1843లో పుట్టిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కోసం 1890ల్లో కట్టింది, అంటే విక్టోరియా రాణి చివరి సంవత్సరాల్లో. హెన్రీ ఇర్విన్ రూపకల్పన, కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసులో స్థిరపడిన తెలుగు వైశ్యుల ఇంటివాడు. 1921లో ఆ బ్యాంకు ఇంపీరియల్ బ్యాంకులో కలిసింది, 1955లో అది స్టేట్ బ్యాంకు అయింది.

ఇక్కడ రెండో మెట్టు దగ్గరే, అంటే వీధి అవతల నిలబడి చూసినప్పుడే తేడా తెలుస్తుంది. ముఖం రోమన్ గుడిది కాదు, ఇండో సారసెనిక్, అంటే భారతీయ, ఇస్లామిక్ రూపాలు కలిపిన శైలి. బ్యాంకు కావాలనుకున్నది ఇక్కడా భరోసాయే, దాన్ని చెప్పడానికి ఎంచుకున్న రూపాలు వేరు. కమానుల ఆకారం, గుమ్మటాల మొన, ఎర్రటి గోడ మీద రాతి పట్టీలు, ఒక్కొక్కటీ విడివిడిగా గీసుకోండి. ఇది పనిచేస్తున్న బ్యాంకు కనుక లోపల ఫోటోలకు మేనేజరు అనుమతి అడగండి. వద్దంటే పెన్సిలుతో గీసుకోండి, గీసినప్పుడు కన్ను ఇంకా బాగా చూస్తుంది.

11. అదే రోజు రాత్రి రాసేయాల్సినవి

వారం ఆగితే ఏ శిల్పం ఎటువైపుదో కలిసిపోతుంది. నిద్రపోయేముందు ఈ కాగితం నింపండి:

- భవనం పేరు, వీధి, అప్పటి బ్యాంకు, ఇప్పటి వాడకం
- ఆర్కిటెక్ట్, భాగాల వారీగా తేదీలు, ఒక్కో తేదీ పక్కన అది ఎక్కడ దొరికిందో
- ముఖం శైలి, రాయి, స్తంభాల జాతి, అంటినవా విడివా
- శిల్పాలు అంకెల వరసలో, చేతిలో ఉన్నవాటితో
- గుమ్మాలు ఎన్ని, ఏది ఎవరిది
- హాలు వెలుతురు దారి, పాత కౌంటరు గుర్తు
- తర్వాత చేరినవి, పోయినవి
- రెండోసారి వెళ్తే చూడాల్సినవి